శిలాతోరణం వయసెంత అని అడిగారు కదా, ముందు ఏ వయసో తేల్చుకుందాం

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: వచ్చే నెల అలిపిరి మెట్ల దారిలో తిరుమల ఎక్కుతున్నారు, వెంట ఇంటర్ చదివే అమ్మాయి వస్తోంది, కొండ పైనున్న సహజ రాతి తోరణం, అదే శిలాతోరణం, 150 కోట్ల ఏళ్ల నాటిదని, ఆసియా మొత్తంలో అలాంటిది అదొక్కటేనని ఎక్కడో చదివారు, అది నిజమేనా, దారిలో రాళ్ల గురించి ఇంకా చూడదగ్గవి ఏమైనా ఉన్నాయా అని. నేను భూగర్భ శాస్త్రం పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. పిల్లల్ని వెంటేసుకుని ఆ కొండ ఎన్నిసార్లు ఎక్కానో నాకు లెక్క లేదు, నా మోకాళ్లకు మాత్రం బాగా గుర్తుంది. కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తాను, ఓపిక చేసుకోండి.

ముందు సూటిగా జవాబు. ఆ రాయికి 150, 160 కోట్ల ఏళ్లు అంటే ఒప్పుకుంటాను. ఆ తోరణానికి అంత వయసు అంటే మాత్రం ఒప్పుకోను. తాతల నాటి ఇల్లు కూల్చి, అందులోని టేకు దూలం కోయించి కుర్చీ చేయించారనుకోండి. దూలం వందేళ్లది, కుర్చీ మొన్నటిది. తోరణం విషయమూ అంతే. రాయి ఎప్పుడో పుట్టింది, ఆ రాయిలో సందు పడి తోరణంగా మిగలడం దాంతో పోలిస్తే నిన్న మొన్నటి సంగతి. ఆ రెండింటికీ మధ్యలో కొండ వయసు అనే మూడోది ఇంకొకటి ఉంది. ఈ మూడింటినీ కలిపేసి రాయడం వల్లే సగం గందరగోళం. ఇక "ఆసియాలో ఒక్కటే" అన్నమాట తప్పు, దాని సంగతి తోరణం దగ్గరికి వెళ్లాక చెబుతాను.

ఎక్కడం మొదలుపెట్టక ముందే ఒక పని చేయండి. తిరుపతిలో ఎక్కడైనా కాస్త ఎత్తున్న మేడ మీద నుంచి ఉదయం ఎండ పడేటప్పుడు కొండ వైపు ఒక ఐదు నిమిషాలు తీరిగ్గా చూడండి. పైభాగం గోడ కట్టినట్టు నిటారుగా, ఎర్రగా, అడ్డంగా గీతలు గీసినట్టు ఉంటుంది. దాని కింద నుంచి నేల దాకా చెట్లతో నిండిన ఏటవాలు, పరికిణీ కుచ్చిళ్లు పరిచినట్టు. నిటారు గోడ ఎక్కడ ఆగి ఏటవాలు ఎక్కడ మొదలవుతుందో చూశారా, సుమారుగా ఆ ఎత్తులోనే రెండు వేరే వేరే లోకాలు కలుస్తాయి. పైనున్నది క్వార్ట్‌జైట్, అంటే ఒకప్పటి ఇసుక. కిందున్నది గ్రానైట్, అంటే ఒకప్పటి కరిగిన రాతి ముద్ద. గ్రానైట్ ఎలా ఉంటుందో విడిగా చూడాలంటే చంద్రగిరి కోట ఉన్న కొండ చూడండి. పొరలూ గీతలూ ఉండవు, గుండ్రంగా అరిగిన పెద్ద పెద్ద బండలు ఒకదాని మీద ఒకటి. అది చూశాక తిరుమల గోడ చూస్తే, ఈ రెండూ ఒకే జాతి కాదని చదువు లేనివాళ్లకు కూడా తెలిసిపోతుంది.

ఈ రెండూ కలిసే గీతనే ఎపార్కియన్ అన్‌కన్ఫర్మిటీ అంటారు. పేరు చూసి భయపడకండి. ఘాట్ రోడ్డు వేయడానికి కొండను కోసిన చోట్ల ఇది బయటపడి కనిపిస్తుంది, జియొలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా దీన్ని జాతీయ భూగర్భ స్మారకంగా ప్రకటించింది. శిలాతోరణం కూడా అదే జాబితాలో ఉంది. తోరణం దగ్గర ఫోటోలకు జనం క్యూ కడతారు, ఈ గీత పక్కనుంచి మాత్రం రోజూ వేలమంది బస్సుల్లో కునుకు తీస్తూ వెళ్లిపోతారు. నన్నడిగితే ఆ కొండ మొత్తంలో గొప్ప వస్తువు ఆ గీతే.

ఎందుకో చెబుతాను. గ్రానైట్ భూమి పైన తయారయ్యేది కాదు. కిలోమీటర్ల లోతున, మెల్లగా, లక్షల ఏళ్లు చల్లారుతూ గట్టిపడుతుంది, అందుకే అందులో పలుకులు కంటికి కనిపించేంత పెద్దవిగా ఉంటాయి. ఇసుక మాత్రం భూమి పైన, నీళ్ల అంచున పేరుకునేది. మరి ఎక్కడో లోతున పుట్టిన గ్రానైట్ మీద నేరుగా ఇసుక వచ్చి ఎలా కూర్చుంది? ఒకటే దారి. గ్రానైట్ నెత్తిన ఉన్న కిలోమీటర్ల మందం రాయి అంతా వానకీ గాలికీ అరిగి, వాగుల్లో కొట్టుకుపోయి, గ్రానైట్ బయటపడి, అది కూడా కొంత అరిగి చదునయ్యాక, అప్పుడు లోతు లేని సముద్రం వచ్చి దాని మీద ఇసుక పరిచింది. అంటే ఆ గీత దగ్గర ఒకప్పుడు పర్వతాలే ఉండి ఉండొచ్చు, వాటిలో ఒక్క పిడికెడు కూడా అక్కడ మిగల్లేదు. పుస్తకంలో మధ్య కాగితాలు చిరిగిపోతే ముందు పేజీకీ తర్వాతి పేజీకీ కథ అతకదు చూడండి, ఆ అతకని చోటే ఈ గీత. స్కాట్లండ్‌లో సిక్కర్ పాయింట్ అనే చోట 1788లో జేమ్స్ హటన్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇలాంటి గీతనే చూసి, భూమి వయసు మనం అనుకుంటున్న దానికన్నా ఎంతో ఎక్కువ ఉండి తీరాలని గ్రహించాడు. మన వైపు విలియం కింగ్ అనే సర్వే ఆఫీసరు కడప, కర్నూలు రాళ్ల మీద 1872లో పెద్ద నివేదిక అచ్చు వేశాడు. ఇప్పటికీ కడప బేసిన్ గురించి ఎవరు మొదలుపెట్టినా అక్కడి నుంచే మొదలుపెడతారు.

కడప బేసిన్ అన్నాను కదా, ఒక ముక్క చెప్పి ముందుకు పోతాను. తిరుమల కొండలు ఒంటరివి కావు. నెలవంక ఆకారంలో 440 కిలోమీటర్ల పొడవున, దాదాపు 44,500 చదరపు కిలోమీటర్లు పరుచుకున్న పాత సముద్రపు గుంట ఆ బేసిన్. గండికోట లోయ గోడలూ, అహోబిలం కొండలూ, బెలూం గుహల సున్నపురాయీ అన్నీ దానిలోవే, వేరే వేరే కాలాల పొరలు. దాని దక్షిణపు కొసన ఉన్నది మీరు ఎక్కబోయే కొండ. అక్కడి రాయికి నగరి క్వార్ట్‌జైట్ అని పేరు.

ఇప్పుడు అంకెలు. గ్రానైట్‌కు 250 కోట్ల ఏళ్లు దాటాయని, క్వార్ట్‌జైట్‌కు 160 కోట్లని ఎక్కువగా రాస్తారు. మీరు వెతికితే మధ్యలో ఖాళీ 50 కోట్లని ఒకచోట, 80 కోట్లని ఇంకోచోట కనిపిస్తుంది. ఎవరో అబద్ధం చెప్పారని కాదు, కింద ఏ రాయి వయసు తీసుకున్నారు, పైన ఏ పొర వయసు తీసుకున్నారు అన్నదాన్ని బట్టి తీసివేత మారిపోతుంది, అంతే. పైగా ఇసుకరాళ్ల వయసు కట్టడం మహా చిక్కు, ఎందుకంటే అందులోని ప్రతి రేణువూ దానికన్నా పాత రాయి నుంచి వచ్చిందే. రేణువు వయసు కడితే తల్లి రాయి వయసు వస్తుంది గానీ ఇసుక పేరుకున్న రోజు రాదు. అందుకే పొరల మధ్యలోకి చొచ్చుకొచ్చి గట్టిపడిన కరిగిన రాతి పలకల వయసు కడతారు. బేసిన్ అడుగు పొరల్లో పులివెందుల వైపు దొరికిన అలాంటి ఒక పలకకు సుమారు 188 కోట్ల ఏళ్లని 2008లో తేల్చారు. కాబట్టి బేసిన్ మొదలైంది అంతకన్నా ముందే. ఈ అంకెలు ఇంకా కదులుతాయి, ఏ ఒక్కదాన్నీ శిలాశాసనంలా పట్టుకోవద్దని మీ అమ్మాయికి చెప్పండి.

కోట్లు అంటే ఎవరికీ మనసుకు ఎక్కదు. నేను పిల్లలకు చెప్పే లెక్క ఒకటుంది, మీరూ నడుస్తూ ఆడుకోవచ్చు. అలిపిరి దారిలో సుమారు 3,550 మెట్లు. మొదటి మెట్టు గ్రానైట్ పుట్టిన రోజు, చివరి మెట్టు ఇవాళ అనుకోండి. 250 కోట్ల ఏళ్లను 3,550తో భాగిస్తే మెట్టుకి ఏడు లక్షల ఏళ్లు. మొదటి మెట్టు దగ్గర గ్రానైట్ తయారైంది. అక్కడి నుంచి దాదాపు 1,280 మెట్లు ఎక్కేదాకా ఈ కొండలో ఆ కాలానికి సంబంధించిన పొర ఒక్కటీ లేదు. చెమటలు కారుతుంటాయి, కాళ్లు పీకుతుంటాయి, చరిత్రలో మాత్రం ఖాళీ కాగితం. అప్పుడొచ్చి ఇసుక పడుతుంది. చివరికి ఇంకో 670 మెట్లున్నాయనగా నేల మీద మొక్కలు మొదలవుతాయి. 94 మెట్లుండగా డైనోసార్లు పోతాయి. మనిషి జాతి? చివరి మెట్టులో సగం కూడా రాము. ఒకసారి ఒక కుర్రాడు ఈ లెక్క విని 1,280 మెట్లు నోటితో లెక్కపెడుతూ ఎక్కాడు, పైకొచ్చి "సార్, ఖాళీ అంటే ఇంత పొడుగా" అన్నాడు. నేను బోర్డు మీద ఎన్నేళ్లు గీసినా ఆ మాట ఎవరి నోటా రాలేదు.

దారి మొదలయ్యాక అందరూ చేసే తప్పు, నేను కూడా చేసిన తప్పు, కాళ్ల కింద చూడటం. మెట్లు చెక్కి తెచ్చి వేసిన రాళ్లు, కొన్నిచోట్ల సిమెంటు. అవి కొండ కాదు. నా తొలి రోజుల్లో ఒక మెట్టు మీద వరసగా సన్నటి గాడులు చూసి, ఆహా ఇవి పాత సముద్రపు అలల గుర్తులు అని పది మంది పిల్లల ముందు పెద్ద ఉపన్యాసం ఇచ్చాను. పక్కనే కూర్చుని అలుపు తీర్చుకుంటున్న ఒక పెద్దాయన, రాతిపని చేసిన మనిషట, "అది అల కాదయ్యా, ఉలి. కాలు జారకుండా గాట్లు పెడతాం" అన్నాడు. పిల్లలు ఎంత నవ్వారో మీరే ఊహించుకోండి. అప్పటి నుంచి నా నియమం ఒకటే: మెట్టును వదిలెయ్, పక్కనున్న గట్టు చూడు.

పక్క గట్టులో ఏం చూడాలి. మొదట రాయి తీరు. విరిగిన కొత్త ముఖం ఉన్న చోట దగ్గరికి వెళ్లి చూడండి, పది రెట్ల భూతద్దం ఉంటే మరీ మంచిది, లేకపోతే ఫోన్ కెమెరా దగ్గరగా పెట్టండి. కింది భాగంలో గ్రానైట్ దొరికితే అందులో పాలరంగువో లేత గులాబీవో ఫెల్డ్‌స్పార్ పలుకులు, గాజులా మెరిసే క్వార్ట్జ్, నల్లటి చుక్కలు విడివిడిగా కనిపిస్తాయి. పైకి వెళ్లాక క్వార్ట్‌జైట్‌లో ఆ తేడాలు ఉండవు, మొత్తం ఒకటే పదార్థం, పటికబెల్లం ముక్కలా. మామూలు ఇసుకరాయిని గోకితే రేణువులు రాలతాయి. ఇది రాలదు. రేణువులకీ వాటిని అతికించిన సిలికాకీ తేడా లేకుండా గట్టిపడిపోయింది, విరిగితే రేణువుల చుట్టూ కాకుండా రేణువుల్ని చీల్చుకుంటూనే విరుగుతుంది. ఆ గట్టితనమే ఈ కొండను నిలబెట్టింది. కొండ అంటే కింద నుంచి ఎవరో పైకి నెట్టిందని అందరూ అనుకుంటారు, ఇక్కడ నేల పైకి లేచిన మాట కొంత నిజమే గానీ, మీకు కనిపించే ఆకారం ఎక్కువ భాగం మిగిలిపోయింది. చుట్టూ మెత్తగా ఉన్నదంతా కొట్టుకుపోయింది, గట్టిది నిలిచింది. అందుకే కొండ వయసు రాయి వయసు కాదు అన్నాను.

రెండోది, అలల గుర్తులు. ఈసారి నిజమైనవి. పొర పైముఖం బయటపడిన బండ మీద, వేళ్లతో పిండి మీద గీసినట్టు, సమాంతరంగా చిన్న చిన్న గట్లు ఉంటాయి. మిట్ట మధ్యాహ్నం కనపడవు, ఉదయమో సాయంత్రమో ఎండ ఏటవాలుగా పడితే లేచి వస్తాయి. మబ్బుగా ఉంటే ఫోన్ టార్చ్ బండకు ఆనించినట్టు పక్క నుంచి వేయండి, చదునుగా అనిపించిన రాయి మీద ఒక్కసారిగా సముద్రం అంచు కనిపిస్తుంది. గట్టుకు రెండు వైపులా వాలు ఒకేలా ఉంటే నీళ్లు ముందుకూ వెనక్కూ ఊగిన చోటు, ఒక వైపు వాలు ఎక్కువ నిటారుగా ఉంటే నీళ్లు ఆ దిక్కుగా పారిన చోటు. ఉలి గాట్లతో తేడా ఎలా అంటారా, అల గుర్తు ఎప్పుడూ చిక్కుపడుతుంది, ఒక గట్టు రెండుగా చీలుతుంది, రెండు కలిసిపోతాయి. మనిషి చెయ్యి అంత వంకరగా గీయదు. ఇదే కాక, గట్టు పక్కముఖంలో అడ్డపొరల మధ్య ఏటవాలుగా సన్నటి గీతలు కనిపిస్తే అవి ఇసుక తిన్నెలు కదిలిన జాడలు.

శిలాజాలు దొరుకుతాయా అని మీ అమ్మాయి తప్పకుండా అడుగుతుంది. గవ్వలూ చేపలూ ఆకులూ దొరకవు. ఆ ఇసుక పేరుకున్నప్పుడు అలాంటి ప్రాణులే లేవు, ఉన్నవి దాదాపు అన్నీ కంటికి కనపడని సూక్ష్మజీవులు. నేల మీద గడ్డిపోచ కూడా లేదు. వాన పడితే మట్టిని పట్టుకునే వేరు లేదు కాబట్టి ఇసుక అంతా విచ్చలవిడిగా కొట్టుకొచ్చి ఇంతింత మందం పరుచుకుంది. ఆ నిశ్శబ్దాన్ని ఊహించుకోమనండి: అల చప్పుడు, గాలి చప్పుడు, ఇంకేం లేదు.

మూడోది మీ కాళ్లకే తెలుస్తుంది. మొదలు నుంచి గాలిగోపురం దాకా ప్రాణం పోతుంది, ఆ తర్వాత చాలా దూరం దాదాపు చదునుగా హాయిగా ఉంటుంది, అవ్వాచారి కోన అంచున నడిచాక మోకాళ్ల మిట్ట దగ్గర మళ్లీ నిటారు. ఎందుకలా? గాలిగోపురం దాకా మీరు ఎక్కేది తిరుపతి నుంచి చూసిన ఆ గోడనే. అది ఎక్కేశాక మీరున్నది గట్టి పొరల బల్లపరుపు మీద. అవ్వాచారి కోన ఆ బల్లపరుపును వాగు కోసుకున్న లోయ. మోకాళ్ల మిట్ట ఆ లోయకు అవతలి గోడ. మొత్తం ఎక్కుడు 700 మీటర్ల దాకా ఉంటుంది, ఎక్కువ భాగం ఆ రెండు చోట్లే. శ్రీవారి మెట్టు దారి 2,388 మెట్లు, రెండు కిలోమీటర్ల పైచిలుకు, అంటే సుఖంగా నడిచే బల్లపరుపు భాగం లేకుండా గోడను నేరుగా ఎక్కడమన్నమాట. రాళ్లు చూడాలనుకునేవాళ్లకు అలిపిరే మేలు, ఆగి చూడటానికి వీలుంటుంది.

ఈ గోడ గురించి ఇంకొక్క మాట, కాస్త జాగ్రత్తగా వినండి. క్వార్ట్‌జైట్ గట్టిదే గానీ నిలువునా, అడ్డంగా పగుళ్లు ఉంటాయి, ఇటుకలు సున్నం లేకుండా పేర్చినట్టు. మధ్య మధ్యలో మెత్తటి షేల్ పొరలు, అంటే ఒకప్పటి బురద. వాననీళ్లు పగుళ్లలోంచి దిగి, మెత్తటి పొర దగ్గర ఆగి దాన్ని నానబెట్టి మెల్లగా తినేస్తాయి. కింద ఆధారం పోయాక పైనున్న ఇటుక, అంటే ఒక్కోసారి లారీ అంత బండ, జారి పడుతుంది. 2021 నవంబరు వానలకు శ్రీవారి మెట్టు దారి బాగా దెబ్బతిని మూసేశారు, మరమ్మతులయ్యాక 2022 మేలో గానీ తెరవలేదు. అదే సమయంలో, డిసెంబరు 1న, రెండో ఘాట్ రోడ్డు మీద పెద్ద బండలు విరిగిపడి రోడ్డే తెగింది. ఇది వింత కాదు, ఆ గోడ ఎప్పటి నుంచో అలాగే వెనక్కి జరుగుతూ ఉంది, మనం దాని కింద రోడ్డు వేసుకున్నాం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు అక్కడ గట్టిగా పడతాయి. మీరు వెళ్లేది ఆ రోజుల్లోనైతే రెండు మూడు రోజులు ఏకధాటిగా కురిశాక గోడ పక్కన కూర్చుని టిఫిన్ చేయకండి, అంతే నా సలహా. టెన్షన్ పడాల్సిన పని లేదు.

ఆ పగుళ్లే తీర్థాలను కూడా ఇచ్చాయి. అన్ని తీర్థాలు ఒక్క కొండ మీదెలా వచ్చాయని అడుగుతుంటారు. వాననీళ్లు పగుళ్లలో దిగి దాక్కుంటాయి, నీళ్లు ఇంకని పొర తగిలిన చోట పక్కకు మళ్లి ఊటగా బయటికి వస్తాయి. పెద్ద పగులు వెంట వాగు పడితే అది కోసుకుంటూ పోయి కోన అవుతుంది. తుంబురు కోన చూస్తే ఈ మాట నూరు శాతం అర్థమవుతుంది: రెండు వైపులా నిటారు గోడలు, మధ్యలో ఇరుకు సందు, కింద నీళ్లు, తల పైకెత్తితే రిబ్బనంత ఆకాశం. కొండను కత్తితో చీల్చినట్టుంటుంది, నిజానికి కత్తి పని చేసింది ముందే ఉన్న పగులు, వాగు దాన్ని వెడల్పు చేసింది. అక్కడికి మామూలు రోజుల్లో వెళ్లనివ్వరు, ఫాల్గుణ పౌర్ణమికి ముక్కోటి అని దారి తెరుస్తారు, పాపవినాశనం నుంచి అడవిలో నడక. మీ ప్రయాణం అప్పుడు పడితే వదులుకోవద్దు. తలకోన జలపాతం, 270 అడుగులది, ఇదే కొండల వరసలో ఇంకో వైపు.

ఇప్పుడు శిలాతోరణం. గుడికి ఒక కిలోమీటరు దూరం, చక్రతీర్థం దగ్గర. ఎత్తు మూడు మీటర్లు, వెడల్పు ఎనిమిది మీటర్లు ఉంటుంది. మొదటిసారి చూసేవాళ్లు "ఇంతేనా" అంటారు, ఫోటోల్లో పెద్దగా కనిపిస్తుంది కాబట్టి. తొందరపడి వెనక్కి తిరగకండి. తోరణం పక్కనున్న పొరలు చూడండి, అవే పొరలు తోరణంలోకి సాగి అవతలి వైపు దిగుతాయి. అంటే ఇది ఎవరో పేర్చింది కాదు, ఒకప్పుడు పూర్తి బండ. మధ్యలో బలహీనంగా ఉన్న పొరలూ పగుళ్లూ వానకీ గాలికీ నీటి పారుదలకీ ముందు పోయాయి, గట్టి పొర అంచు వంతెనలా మిగిలింది. రెండు కాళ్లూ ఒకేలా ఉండవు, కలిపే భాగం సన్నం. రాతి మీద ఎరుపు, పసుపు చారలు ఇనుము తుప్పు. స్వామి అక్కడ అడుగు పెట్టాడన్న నమ్మకం జోలికి నేను పోను, నాకు రాళ్ల సంగతే తెలుసు.

ఆసియాలో ఒక్కటేనా? కాదు. చైనాలో షింజియాంగ్ ప్రాంతంలో కష్గర్‌కు పడమరగా షిప్టన్స్ ఆర్చ్ అని ఉంది, దీనికన్నా ఎన్నో రెట్లు పెద్దది, ప్రపంచంలోనే అతి ఎత్తైన వాటిలో ఒకటి. జోర్డాన్‌లో వాది రమ్ ఎడారి నిండా ఇసుకరాతి తోరణాలే, జోర్డాన్ కూడా ఆసియానే కదా. అమెరికాలోని రెయిన్‌బో బ్రిడ్జ్‌తో పోలుస్తూ రాస్తారు, అది 88 మీటర్ల ఎత్తుంటుంది, పైగా వాగు కోసిన వంతెన. మన దాని గొప్ప సైజులో లేదు, ఇంత పాత, ఇంత గట్టి క్వార్ట్‌జైట్‌లో తోరణం నిలవడంలో ఉంది. అబద్ధపు గొప్ప తగిలించాల్సిన అవసరం దానికి లేదు.

అడవి గురించి నాకు తెలిసింది తక్కువే, అయినా రాయితో ముడిపడిన మూడు సంగతులు చెబుతాను. క్వార్ట్‌జైట్ అరిగితే సారం లేని ఇసుక తప్ప ఏమీ రాదు, మట్టి పలచన. అలాంటి రాతి నేలలో మొండిగా బతికేదే ఎర్రచందనం, తూర్పు కనుమల దక్షిణ భాగంలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా పెరగదు. రెండోది సైకస్ బెడ్డోమై, పొట్టి ఈతచెట్టులా ఉంటుంది, ఈ చుట్టుపక్కల కొండల్లోనే దొరికే మొక్క, అంతర్జాతీయ వ్యాపారం పూర్తిగా నిషేధించిన జాబితాలో ఉంది. దీన్ని డైనోసార్ల కాలం మొక్క అంటుంటారు. మళ్లీ అదే గందరగోళం చూడండి! వంశం ఆ కాలానిదే, కానీ ఇప్పుడున్న సైకస్ జాతులు చాలావరకు గత కోటి ఏళ్ల పైచిలుకులో పుట్టినవేనని జన్యువుల లెక్క చెబుతోంది. మూడోది బంగారు బల్లి. తడిగా ఉండే కోనల్లో రాతి పగుళ్లలో ఉంటుంది, గుడ్లు రాతికే అంటించి పెడుతుంది. రాత్రి తిరిగే జీవి కాబట్టి మీకు కనపడదు, పగుళ్లలో చేతులు పెట్టి వెతకొద్దని అమ్మాయికి చెప్పండి, అక్కడ పాములు కూడా ఉంటాయి.

చివరగా కొన్ని పనికొచ్చే మాటలు. అది శేషాచలం బయోస్ఫియర్ రిజర్వులో భాగం, 2010లో ప్రకటించారు, చుట్టూ ఉన్నది శ్రీ వెంకటేశ్వర నేషనల్ పార్కు. రాళ్లు ఏరి సంచిలో వేసుకోవడం, సుత్తితో కొట్టడం కుదరదు, చూడాలి, ఫోటో తీయాలి, అంతే. 2025 సెప్టెంబరులో తిరుమల కొండల్ని, విశాఖ ఎర్రమట్టి దిబ్బల్ని యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో చేర్చారు కాబట్టి ఇకముందు కాపలా ఇంకా పెరగొచ్చు. 2023లో చిరుత దాడులు జరిగాక పిల్లలతో నడిచేవాళ్లకు వేళల నిబంధనలు పెట్టారు, అవి మారుతుంటాయి, బయల్దేరే ముందు కనుక్కోండి, ఏమైనా గుంపుతోనే నడవండి. ఘాట్ రోడ్డు మీద బండి ఆపి గీత చూద్దామనుకోవద్దు, బస్సులో దిగేటప్పుడు కొండవైపు కిటికీ సీటు పట్టుకుంటే చాలు: పైన అడ్డంగా పొరలు, కింద పొరలే లేని బండ, మధ్యలో సర్రున ఒక గీత. ఒకటి రెండు మలుపుల్లో తప్పక దొరుకుతుంది. కొన్నిచోట్ల గీతకు కాస్త పైన గుండ్రటి గులకరాళ్లు అతుక్కున్న పొర కూడా ఉంటుంది, సముద్రం వచ్చిన తొలినాళ్ల గులకలవి.

మీ అమ్మాయికి దారి పక్క బండల మీద గాడులు కనపడితే టార్చ్ పక్క నుంచి వేసి ఫోటో తీసి ఇక్కడ పెట్టమనండి. అల గుర్తో ఉలి గుర్తో చూసి చెబుతాను. ఈసారి పొరబడనులెండి.